పంపుహౌసు దిగుడులో ఆరిపోయే లైట్లు

చీకటి పడితే పంపుహౌసు దిగుడు వైపు ఎవరూ బండి పోనిచ్చేవారు కాదు. తప్పనిసరై పోవాల్సివస్తే అద్దాలు పైకెత్తుకుని, పాటలు పెద్దగా పెట్టుకుని, వెనకద్దంలోకి చూడకుండా పోయేవారు. ముఖ్యంగా ఆ చివరిది... వెనకద్దంలోకి మాత్రం చూడకూడదు.

దిగుడు సగంలో, పాడుబడ్డ పంపుహౌసు తెల్లగోడకు ఎదురుగా ఒక బస్సు షెల్టరుంది. పైన రేకు సగం ఊడి వేలాడుతూ ఉంటుంది. అక్కడ ఒకామె నిలబడి ఉంటుందట. బండి తన ముందుకు రాగానే దాని బ్రేకు లైట్లు ఆర్పేస్తుందట. ముందు బండి ఆగిన సంగతి వెనకవాడికి తెలియదు — వచ్చి గుద్దేస్తాడు. అలా ఒక్కొక్కరినే తన దగ్గరకు పిలిపించుకుంటుందట.

తెల్లబట్టలు, విరబోసుకున్న జుట్టు. అది మామూలే. దెయ్యాలకు ఈ యూనిఫారం ఎవరు కుట్టిస్తారో గానీ దుకాణం మాత్రం ఒక్కటే. ఆ దిగుడులో మగవాళ్ళూ పోయారు. తప్పతాగి గోడకు గుద్దుకుని పోయినవాళ్ళున్నారు, పందెం వేసుకుని పోయినవాళ్ళున్నారు. వాళ్ళెవరికీ దెయ్యమయ్యే యోగం పట్టలేదు. బుద్ధిగా ఎక్కడికి పోవాలో అక్కడికి పోయారు. రోడ్డు పట్టుకుని వేలాడుతోందని పేరు మోస్తున్నది ఈమె ఒక్కతే.

ఈమె ఎవరో అందరికీ తెలుసు.

దిగుడు మొదట్లో, పైన, పెద్ద లాండ్రీ ఉంది. ఊళ్ళో ఆసుపత్రుల దుప్పట్లు, ఆపరేషను గదుల గుడ్డలు అన్నీ అక్కడికే వస్తాయి. ఉడకబెట్టే తొట్లు, పిండే మిషన్లు, ఆరబెట్టాక ఇస్త్రీ చేసే వేడి రోలర్లు. ఆమె రోలరు దగ్గర ఉండేది. ఇటు తడి దుప్పటి అంచు పట్టుకుని లోపలికి పెడితే అటు కాగితంలా మడత లేకుండా వస్తుంది. చెయ్యి కాస్త ముందుకు పోయిందా, చర్మం కూడా అలాగే వస్తుంది. అంత వేడిలో సాయంత్రం షిఫ్టు అయ్యేసరికి ఆఖరి బస్సు వెళ్ళిపోయేది. ఆడవాళ్ళంతా గుంపుగా దిగుడంతా నడిచి ఇళ్ళు చేరేవారు.

ఒక బండి పెట్టండి బాబూ అని ఆమె చాలాకాలం అడిగింది. బండ్ల వ్యవహారం చూసే ఆయన — అందరూ 'ట్రాన్స్‌పోర్టు సారు' అంటారు — ఆయన జవాబు కూడా అందరికీ తెలుసు.

"ఇవాళ బండి అంటారు. రేపు ఇంటికొచ్చి అన్నం వండిపెట్టమంటారు. ఆడవాళ్ళకు ఒకటి ఇచ్చామంటే అంతే."

అన్నం ఎలా వండుతారో ఆయనకు తెలుసా అని మాత్రం ఎవరూ అడగలేదు.

ఒక వానరాత్రి ఆమెకు జ్వరం. గుంపుతోపాటు నడవలేక, మీరు పొండి, ఏదో ఒక బండి ఆపుకుని వస్తా అని ఆ షెల్టరు కింద ఆగింది. వచ్చిన ప్రతి బండికీ చెయ్యెత్తింది. ఒక్కటీ ఆగలేదు. ఆగింది ఒకే ఒక్క లారీ — అదీ బ్రేకులు పట్టక, జారుకుంటూ వచ్చి, షెల్టరు లోపల ఆగింది.

మర్నాడు ఆడవాళ్ళు లోపలికి పోలేదు. గేటు ముందు కూర్చున్నారు. మాసిన గుడ్డలు కుప్పలుపడి, కుప్పలు కంపుకొట్టి, ఆసుపత్రులవాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు చేశాక — కంపెనీకి మానవత్వం గుర్తొచ్చింది. ఒక వ్యాను కొన్నారు. ఎవరో వాడి, ఇంకెవరికో అంటగట్టి, వాళ్ళు కూడా వాడి దొడ్లో పారేసిన వ్యాను. తలుపు మూస్తే చప్పుడుకు పక్కింటివాళ్ళు లేచి కూర్చుంటారు.

దాన్ని నడపడానికి మగ డ్రైవర్లు ముందుకు రాలేదు. దెయ్యం దిగుడు కదా. అప్పటిదాకా సామాన్ల బండి తోలుకుంటున్న ఒకావిడ "నేను తోలతా" అంది. అప్పట్నుంచీ ఆవిడ పేరు డ్రైవరక్క.

"అక్కా, నీకు భయం లేదా?" అని అడిగిందట ఒకమ్మాయి మొదటి రోజే. ఆ అమ్మాయి నోరు నిద్రలో కూడా మూతపడదని అందరూ వాగుడుకాయ అని పిలుస్తారు.

"మా ఆయన గురక విన్నాక నాకు వేరే భయాలు పోయాయే," అంది డ్రైవరక్క.

భయం లేదన్న మాట నిజమే. వానాకాలం మొదలయ్యేదాకా.

*

మొదటిసారి గుర్తుపట్టింది ఎవరో స్కూటరతను. దిగుడులో వ్యాను వెనక వస్తున్నవాడు కెవ్వుమని పక్కకు తిప్పి, గట్టు మీదికి ఎక్కించి, వ్యానును దాటి వచ్చి కిటికీ మీద బాదాడు.

"బ్రేకేస్తే లైటు వెలగాలమ్మా! చంపుతావా ఏంటి?"

డ్రైవరక్క దిగి వెనక్కి వెళ్ళి చూసింది. మామూలు ఎర్రలైట్లు వెలుగుతున్నాయి. వాగుడుకాయను తన సీట్లో కూర్చోబెట్టి బ్రేకు తొక్కించింది. ఆ ఎరుపు మరింత పెరగాలి కదా... పెరగలేదు.

ఊళ్ళోకి వచ్చాక మళ్ళీ చూసింది. బ్రహ్మాండంగా వెలుగుతోంది.

మర్నాడు దిగుడులో మళ్ళీ అదే. ఆ తర్వాత రోజూ అదే. పంపుహౌసు తెల్లగోడ మీద ఆవిడ కన్ను ఉండేది. బ్రేకు తొక్కితే ఆ గోడంతా ఎర్రబడాలి. తొక్కేది, అద్దంలో చూసేది — గోడ తెల్లగా, పాలిపోయి, అలాగే ఉండేది.

వెనకద్దంలోకి చూడకూడదన్న చోట, రోజూ చూస్తున్నది ఆవిడే.

వ్యాన్లో మాటలు తగ్గిపోయాయి. షెల్టరు దగ్గరకు రాగానే వాగుడుకాయ కూడా నోరు మూసుకునేది. అదే అందరికంటే ఎక్కువ భయపెట్టింది. పెద్దమ్మ మాత్రం — ఆవిడ లాండ్రీలో అందరికంటే పాతమనిషి, చనిపోయినామెతో ఒకే రోలరుకు అటూ ఇటూ నిలబడి పనిచేసింది — షెల్టరు వైపు తిరిగి, పెదాలు కదపకుండా ఏదో అనుకునేది.

"ఏమనుకుంటున్నావు పెద్దమ్మా?"

"ఏముంది... ఆ రోజు నేను ఆగుంటే బావుండేదని."

డ్రైవరక్క వ్యానును మెకానిక్ బాబాయి దగ్గరకు తీసుకెళ్ళింది. బాబాయి బల్బులు విప్పాడు. బాగున్నాయి. ఫ్యూజు చూశాడు. బాగుంది. బ్రేకు పెడలు పైన చిన్న స్విచ్చి ఉంటుంది, పెడలు కిందకు దిగితే అది లైటుకు కరెంటు పంపిస్తుంది — అది అనుమానంగా ఉందని కొత్తది వేశాడు. తొక్కి చూశారు. భేషుగ్గా వెలిగింది. ఆ రాత్రి దిగుడులో మళ్ళీ ఆరింది.

రెండోసారి వెళితే బాబాయి గుడ్డతో చేతులు తుడుచుకుంటూ గొంతు తగ్గించాడు.

"బండిలో ఏం లేదమ్మా... బయటేదో ఉంది."

"బయటున్నదానికి నీ దగ్గర స్పానరు లేదా బాబాయ్?"

"నవ్వులాట కాదమ్మా. ఇక్కడ వెలుగుతుంది, అక్కడ ఆరుతుంది. ఇదే బండి, ఇదే వైరు. నన్నేం చెయ్యమంటావు?"

ఈలోగా కబురు ట్రాన్స్‌పోర్టు సారు దాకా పోయింది. ఆయన డ్రైవరక్కను గదిలోకి పిలిచాడు. కూర్చోమనలేదు. ఆ గదిలో ఆడవాళ్ళకు కుర్చీ ఉండదు.

"నేను దెయ్యాల్ని నమ్మను," అన్నాడు. "డ్రైవర్నే నమ్మను. బండి చూసుకోవడం రాకపోతే చెప్పెయ్. రేపు ఎవడైనా వచ్చి వెనక గుద్దితే కేసు నా మీదికి వస్తుంది."

"చూస్తున్నా సార్. రెండ్రోజులు—"

"ఇవాళే. ఇవాళ రాత్రి నేనే బైకు మీద మీ వెనక వస్తా. దిగుడంతా లైటు వెలిగిందా, సరే. ఆరిందా — రేపట్నుంచి వ్యాను లేదు. సాయంత్రం షిఫ్టులో ఆడవాళ్ళూ ఉండరు. మగవాళ్ళను పెట్టుకుంటాం, గొడవే లేదు. వాళ్ళైతే నడిచిపోతారు."

డ్రైవరక్క బయటికి వచ్చింది. రోలర్ల హాలు అద్దంలోంచి కనిపిస్తోంది. ఆవిరిలో చేతులు, దుప్పట్లు, చేతులు. వాళ్ళలో ఒకామెకు ఆ జీతం మీద ముగ్గురు పిల్లలు. ఒకామె ఆ జీతం ఉందన్న ధైర్యంతోనే మొగుణ్ణి వదిలేసి బయటికొచ్చింది. వాగుడుకాయ చెల్లెల్ని చదివిస్తోంది. ఒక్క ఎర్రలైటు... అది వెలగకపోతే వీళ్ళంతా ఇళ్ళకు పోవాలి. లేదా మళ్ళీ ఆ దిగుడులో నడవాలి.

*

మధ్యాహ్నం వ్యానును ఇంటి వెనక సందులో పెట్టింది. బ్రేకు లైటు చూడాలంటే ఇద్దరు కావాలి — తొక్కేవాళ్ళొకరు, చూసేవాళ్ళొకరు. మొగుడు రాత్రి కాపలా డ్యూటీ చేసొచ్చి నిద్రపోతున్నాడు. ఇంట్లో మెలకువగా ఉన్నది అత్తగారొక్కతే.

"అత్తయ్యా, ఇలా వచ్చి ఈ సీట్లో కూర్చోండి. ఆ మధ్యలోది తొక్కాలి."

"విరిగితే?"

"విరగదు. తొక్కండి!"

"తొక్కానే!"

"వదలండి... మళ్ళీ తొక్కండి."

"ఈ ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ అందరూ నన్నే తొక్కారు. ఇన్నాళ్ళకు నాకు అవకాశమొచ్చింది. సాయంత్రం దాకా తొక్కమన్నా తొక్కుతా, ఊఁ, చెప్పు."

ఎర్రగా వెలుగుతోంది. ఆరుతోంది. వెలుగుతోంది. పొల్లుపోకుండా.

డ్రైవరక్క నడుం మీద చేతులేసుకుని నిలబడి ఆలోచించింది. రెండు బల్బులూ ఒక్కసారే పోతున్నాయంటే తప్పు బల్బుల్లో లేదు. ఆ ఫ్యూజు మీదే హారను కూడా నడుస్తుంది, దిగుడులో హారను మోగుతూనే ఉంది — కాబట్టి ఫ్యూజు కాదు. స్విచ్చి కొత్తది. ఇక మిగిలింది ముందు నుంచి వెనక్కి పోయే వైరు. వైరుకు పంపుహౌసంటే ఎందుకంత కోపం?

"ఏమే, నా మోకాలు పట్టేసింది."

"వచ్చేయండత్తయ్యా."

అత్తగారు దిగాక, తుడుపుకర్ర తెచ్చి పెడలుకూ సీటుకూ మధ్య బిగించింది. బ్రేకు తొక్కినట్టే ఉంది. వెనక లైట్లు వెలుగుతూ నిలిచాయి. ఇప్పుడు నింపాదిగా వైరు వెంబడి చూసుకోవచ్చు. వెనక్కి వెళ్ళి, వంగి, బండి కిందకు తల పెట్టింది.

అత్తగారు వెల్లుల్లిపాయల పళ్ళెం తెచ్చుకుని వ్యానెక్కింది. సందులో ఎండ. వ్యాను వెనక సీట్లో నీడుంది. అక్కడ కూర్చుంది.

డ్రైవరక్క తలెత్తేసరికి — లైట్లు ఆరిపోయి ఉన్నాయి.

"అత్తయ్యా... మీరేం ముట్టుకున్నారు?"

"నేనేం ముట్టుకోలేదు. కూర్చున్నా. ఈ ఇంట్లో కూర్చోవడం కూడా తప్పేనా?"

డ్రైవరక్క వెనక లైట్ల మీదే కన్నుంచింది.

"ఒక్కసారి... లేవండి."

లేచింది. సందులో గోడ ఎర్రబడింది.

"కూర్చోండి."

గోడ మామూలైపోయింది.

"లేవండి."

"నన్నేమన్నా స్విచ్చి అనుకున్నావా? వెల్లుల్లి పడిపోతోంది!"

డ్రైవరక్క పరుగెత్తుకుంటూ వ్యానెక్కి ఆవిణ్ణి వాటేసుకుంది. పళ్ళెం బోర్లాపడింది. అత్తగారి తిట్లు సందంతా వినిపించాయి. గురక ఒక్క క్షణం ఆగి, మళ్ళీ అందుకుంది.

వెనక సీటు కింద, నేలకు రేకు బిగించి, ఆ రేకు కిందుగా వైరు పోనిచ్చాడు ఏ పాత మెకానిక్కో. సీటు మీద మనిషి కూర్చుంటే బరువుకు సీటు కాలు ఆ రేకును నొక్కుతోంది. లోపలెక్కడో ఈ వానలకు వైరు తెగీ తెగనట్టు అయ్యుంటుంది — నొక్కితే విడిపోతోంది, వదిలితే కలుస్తోంది. అంతే.

లాండ్రీ దగ్గర వ్యాను నిండుతుంది, వెనక సీటు కూడా నిండుతుంది. అక్కడినుంచి మొదట వచ్చేదే దిగుడు. దిగుడు దాటగానే మొదటి స్టాపులో వెనక సీటువాళ్ళు దిగిపోతారు, వాళ్ళ ఇళ్ళు అక్కడే. ఆ తర్వాత ఊరంతా వెలుగుతుంది. బాబాయి షెడ్డుకు ఖాళీ బండి పోతుంది, అక్కడా వెలుగుతుంది.

ఇన్నాళ్ళూ ఊరంతా ఆ షెల్టర్లో చచ్చినామె మీద వేసిన నింద — ఒక తుప్పురేకుది.

బోల్టులు విప్పుదామని చూసింది. తుప్పుపట్టి బిగుసుకుపోయాయి, స్పానరు జారిపోతోంది. బాబాయికి ఫోను చేస్తే పొద్దున్నే కోసి తీస్తానన్నాడు, గొంతులో బోలెడంత ధైర్యంతో. ఫరవాలేదు. ఈ ఒక్క రాత్రికి వెనక సీట్లో ఎవరూ కూర్చోకపోతే చాలు.

*

షిఫ్టయ్యాక గేటు దగ్గర అందరికీ చెప్పింది. కొందరు నవ్వారు. ఒకామె ఏడ్చింది, ఎందుకో ఆమెకే తెలియదు. పెద్దమ్మ మాత్రం వ్యాను వెనక సీటు వైపు చూసింది.

"రేకంటావా?"

"రేకే పెద్దమ్మా. మా అత్తయ్య సాక్షి."

"పాపం పిల్ల. అనవసరంగా ఎన్ని మాటలన్నారు..."

ట్రాన్స్‌పోర్టు సారు హెల్మెట్టు పెట్టుకుని బైకు మీద సిద్ధంగా ఉన్నాడు. డ్రైవరక్క వెళ్ళి వైరు సంగతి చెప్పబోయింది.

"కారణాలొద్దు," అన్నాడాయన బైకు స్టార్టు చేస్తూ. "లైటు చూపించు."

వెనక సీటు పూర్తిగా ఖాళీ. సంచులు కూడా అక్కడ పెట్టనివ్వలేదు. అందరూ ముందు సీట్లలో ఒకరి ఒళ్ళో ఒకరన్నట్టు ఇరుక్కున్నారు. పెద్దమ్మ ఖాళీ సీటు ముందరి వరసలో, కిటికీ పక్కన కూర్చుంది.

"అక్కా, ఊపిరి వంతులవారీగా తీసుకోమంటావా?" అంది వాగుడుకాయ. "ఇప్పుడు కుడివైపువాళ్ళు తీసుకోండే!"

నవ్వులు. ఎన్నాళ్ళకో ఆ వ్యాన్లో నవ్వులు. గేటు దగ్గర బ్రేకు తొక్కి చూసింది — గేటు స్తంభాలు ఎర్రబడ్డాయి. కాపలా అతను చెయ్యూపాడు.

దిగుడు మొదలైంది. సన్నగా జల్లు పడుతోంది.

మొదటి మలుపు. తొక్కింది. రోడ్డు పక్క రాయి ఎర్రగా మెరిసింది. వెనక బైకు హెడ్‌లైటు వేగం తగ్గించుకుంది. రెండో మలుపు. మళ్ళీ ఎరుపు. "వెలుగుతోందే!" అని ఎవరో చప్పట్లు కొట్టారు.

తెల్లగోడ వచ్చింది. ఎదురుగా షెల్టరు. వేలాడే రేకు గాలికి చప్పుడు చేస్తోంది... ట్టక్... ట్టక్...

షెల్టరు దాటాక తూము దగ్గర రోడ్డు ఇరుకైపోతుంది, అక్కడ నిదానించి తీరాలి. డ్రైవరక్క మెల్లగా బ్రేకు మీద కాలు పెట్టింది. అలవాటుగా అద్దంలోకి చూసింది.

గోడ తెల్లగా ఉంది.

ఇంకాస్త గట్టిగా తొక్కింది. వ్యాను నెమ్మదించింది. గోడ మాత్రం తెల్లగానే ఉంది. వదిలి మళ్ళీ తొక్కింది... తెలుపు. జల్లులో తడిసిన, చల్లని తెలుపు.

వెనక బైకు హెడ్‌లైటు పెద్దదవుతోంది. ఆయన చూసుకోవడం లేదు. లైటు వెలగడం లేదు కాబట్టి ముందు బండి పోతూనే ఉందనుకుంటున్నాడు. తడి రోడ్డు. దిగుడు. ఆయన వేగం తగ్గించలేదు.

"వెనక సీట్లో ఎవరు?" డ్రైవరక్క గొంతు కీచుగా వచ్చింది. "ఎవరు కూర్చున్నారే వెనక? లేవమనండి!"

"ఎవరూ లేరక్కా..."

"చూసి చెప్పు!"

అందరూ వెనక్కి తిరిగారు. చీకటిగా, ఖాళీగా ఉంది సీటు. నల్ల రెగ్జిను మీద బైకు వెలుగు పడుతూ దగ్గరవుతోంది. ఆ వెలుగులో, సీటు ఒక మూల... కిటికీ వైపు... రెగ్జిను లోపలికి గుంట పడి ఉంది. మనిషి కూర్చున్నంత మేర. దానిమీద వాననీళ్ళు కొద్దిగా చేరాయి.

కిటికీ మూసే ఉంది.

వ్యాను ఇరుకు తూము మీద పూర్తిగా ఆగిపోయింది. పక్కకు తిప్పడానికి చోటు లేదు. హారను మీద చెయ్యేసి ఉంచింది డ్రైవరక్క. వానలో, హెల్మెట్టులో, ఆయనకు అది వినబడలేదు.

అప్పుడు పెద్దమ్మ కదిలింది.

వెనక్కి తిరిగి, సీటు మీదుగా చెయ్యి చాపింది. రోలరు దగ్గర కాలిన మచ్చలున్న చెయ్యి. పనిలో కూతుర్ని కేకేసినట్టు, మామూలు గొంతుతో అంది:

"అక్కడెందుకే ఒక్కదానివీ... ఇటు రా. మా దగ్గర కూర్చుందువు గాని."

తర్వాత పక్కవాళ్ళను మోచేత్తో పొడిచింది.

"జరగండే. చోటివ్వండి."

జరిగారు. ఎందుకు, ఎవరికి అని అడగలేదు. చోటు లేదనుకున్న సీట్లో చోటు వచ్చింది. పెద్దమ్మకూ వాగుడుకాయకూ నడుమ, సన్నటి మనిషి పట్టేంత.

వెనక సీటు స్ప్రింగు ఒక్కసారి కిర్రుమంది.

వాగుడుకాయ భుజం పక్కన చల్లగా, తడిగా ఏదో ఒత్తుకుంది. ఆ పిల్ల కళ్ళు గట్టిగా మూసుకుంది. కానీ జరగలేదు.

తెల్లగోడ ఎర్రబడింది.

గోడ, రోడ్డు, వాన చినుకులు, షెల్టరు రేకు — అన్నీ ఒక్కసారి ఎర్రగా వెలిగాయి. ఆ ఎరుపు మొహాన కొట్టినట్టయి ట్రాన్స్‌పోర్టు సారు బ్రేకులు బిగించాడు. బైకు అడ్డం తిరిగి, కేకపెట్టి, జారి, వ్యాను బంపరుకు బెత్తెడు దూరంలో ఆగింది.



తర్వాత ఆయన వచ్చాడు. హెల్మెట్టు తీసి చేత్తో పట్టుకున్నాడు. గొంతు పెద్దది చేశాడు.

"ఏం డ్రైవింగమ్మా ఇది! ఇక్కడా ఆపేది?"

"లైటు వెలిగింది కదా సార్," అంది డ్రైవరక్క. స్టీరింగు మీంచి చేతులు రావడం లేదు ఆవిడకు.

"వెలిగింది..." ఒప్పుకోక తప్పలేదు. ఆ ఎరుపు వల్లే ఆయన నిలబడి మాట్లాడుతున్నాడు, అది ఆయనకూ తెలుసు. "వెలిగిందనుకో. కాస్త ఆలస్యంగా వెలిగింది. సరే... వ్యాను ఉండనీ."

ఎవరూ సంతోషించలేదు. అందరూ ముందుకే చూస్తున్నారు. పెద్దమ్మ ఒక్కతే పక్కకు, ఖాళీ వైపు, కాస్త తల వంచి కూర్చుంది. చలేసినవాళ్ళ చెయ్యి పట్టుకున్నట్టు ఆవిడ అరచెయ్యి ఒళ్ళో గుప్పిట మూసి ఉంది.

ఆయన టార్చి తీసి కిటికీలోంచి లోపలికి కొట్టాడు. వెలుగు ఒక్కొక్కరి మొహం మీదుగా నడిచింది. పెద్దమ్మ దగ్గరకొచ్చింది. పెద్దమ్మను దాటి, వాగుడుకాయ దగ్గరకు పోకుండా, నడుమ ఆగింది.

"ఈమెవరు?" అన్నాడు. "తడిసి ముద్దయింది. కొత్తగా చేరిందా? నేనెప్పుడూ చూళ్ళేదే."



"కొత్తదేం కాదు సార్," అంది పెద్దమ్మ, తల తిప్పకుండా. "బండి పెట్టమని వచ్చి మీ బల్ల ముందు ఎన్నిసార్లు నిలబడిందో. మీరే ఎప్పుడూ తలెత్తి చూళ్ళేదు."

టార్చి ఆరిపోలేదు. ఆరిపోయి ఉంటే ఆయనకు బావుండేది. వెలుగుతూనే ఉంది — ఆ మొహం మీదే.